పరుగులో ఆయాసం తగ్గి వేగం రావాలంటే



పొద్దున్నే పార్కుకో, కాలేజీ గ్రౌండుకో, ఊరి బయటి తారు రోడ్డుకో వెళ్లి పరుగు మొదలుపెట్టిన ఆడవాళ్లు ఈ రోజుల్లో చాలా ఊళ్లలో కనిపిస్తున్నారు. చదువుకునే అమ్మాయిలే కాదు, పిల్లల్ని బడికి పంపి వచ్చే తల్లులూ, నలభై దాటినవాళ్లూ ఉన్నారు. రెండు మూడు నెలలు గడిచేసరికి వీళ్లకు ఒకటే సందేహం వస్తుంది. “రోజూ పరుగెత్తుతూనే ఉన్నానండీ. అయిదు కిలోమీటర్లకు నలభై నిమిషాలు పడుతోంది. ఎంత తంటాలుపడ్డా అది తగ్గటం లేదు, ఎందుకని?”

కొందరికిది సరదా ప్రశ్న. మరికొందరికి బతుకుతెరువు. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాల్లో ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలన్నారు. అంటే కిలోమీటరుకు 6 నిమిషాల 40 సెకన్ల లెక్క. అలవాటున్నవాళ్లకు అదేమంత వేగం కాదు. కానీ పుస్తకాల ముందే కూర్చుని, పరీక్ష నెల ఉందనగా గ్రౌండుకు వెళ్లిన పిల్లకు అది కొండంత.

అసలు ఆడవాళ్లు దూరం పరుగెత్తలేరని లోకం చాలాకాలం నమ్మింది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు 800 మీటర్ల పరుగు పెట్టారు. ముగించాక కొందరు అలసి చతికిలబడ్డారట. దాన్ని పత్రికలు చిలవలు పలవలు చేసి రాశాయి. మళ్లీ ఆ పందెం పెట్టింది 1960లోనే. ఇక మారథాన్ అయితే 1984 దాకా ఆగవలసి వచ్చింది. మగవాళ్లు పరుగెత్తి పడిపోతే మాత్రం వీరత్వం!

సరే, మన ప్రశ్నకు వద్దాం. ఆ నలభై నిమిషాల సోదరి పరుగు చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. ఆమె రోజూ ఒకే దూరం, ఒకే వేగంతో, ఒగరుస్తూ పరుగెత్తుతుంది. తేలికగా పరుగెత్తే రోజు లేదు, గట్టిగా పరుగెత్తే రోజూ లేదు. అన్ని రోజులూ మధ్యరకం కష్టమే. దాంతో అలసట తీరదు, వేగమూ రాదు.

దూరపరుగులో వేగం కాళ్ల కండల్లోంచే రాదు. కండలకు ప్రాణవాయువు ఎంత అందుతోందన్నదే ముఖ్యం. వారాల తరబడి నింపాదిగా పరుగెత్తితే గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం తోస్తుంది. పిక్కల్లో, తొడల్లో సన్నని రక్తనాళాలు కొత్తగా అల్లుకుంటాయి. కండరకణాల్లో మైటోకాండ్రియా అని ఉంటాయి, మన వంటింటి పొయ్యిల్లాంటివి. వాటి సంఖ్యా పెరుగుతుంది. అప్పుడు నిన్న ఆయాసం తెచ్చిన వేగమే ఇవాళ సులువవుతుంది. ఈ పనులన్నీ నెమ్మది పరుగులో చక్కగా జరుగుతాయి. నెమ్మది గనుక మర్నాడు మళ్లీ పరుగెత్తగలం, మొత్తం మీద ఎక్కువసేపు పరుగెత్తగలం.

మరి ఎంత నెమ్మది? పక్కన తోడికోడలు పరుగెత్తుతోందనుకోండి. ఆమెతో నిన్నటి పెళ్లి కబుర్లు వాక్యాలు తెగకుండా చెప్పగలగాలి. మాట మధ్యలో ఊపిరి తెగితే వేగం ఎక్కువైనట్టే. అవసరమైతే మధ్యలో ఒక నిమిషం నడవండి, చిన్నతనం ఏమీ లేదు. వారంలో నాలుగు రోజులు పరుగెత్తేవాళ్లయితే మూడు రోజులు ఇలాగే సాగాలి. ఆ మూడింట్లో ఒక రోజు దూరం కాస్త పెంచండి. ఇలా రెండు నెలలు ఓపిక పట్టమంటే చాలామంది ససేమిరా అంటారు. గడియారం చూసి దిగులుపడతారు. ఆ రెండు నెలలూ గడియారం ఇంట్లో పెట్టి రండి.

అలాగని ఎప్పుడూ నెమ్మదే అయితే కాళ్లు వేగం మరచిపోతాయి. అందుకని తేలిక పరుగు ముగిసే ముందు, వారానికి రెండుసార్లు, పదిహేను ఇరవై సెకన్లపాటు చురుగ్గా పరుగెత్తండి. పళ్లు బిగించి, భుజాలు బిగబట్టి కాదు, హాయిగా. తర్వాత ఊపిరి కుదుటపడేదాకా నడవండి. ఇలా నాలుగైదుసార్లు చాలు.

నెలన్నర, రెండు నెలలయ్యాక నాలుగో రోజును వేగానికి కేటాయించండి. స్వీడన్‌లో 1930ల్లో గోస్టా హోల్మర్ అనే శిక్షకుడు ఒక పద్ధతి పెట్టాడు, పేరు ఫార్ట్‌లెక్. అంటే వాళ్ల భాషలో వేగంతో ఆట. మన రోడ్ల మీద దీనికి కరెంటు స్తంభాలు భేషుగ్గా పనికొస్తాయి. పది నిమిషాలు మెల్లగా పరుగెత్తి ఒళ్లు వేడెక్కాక, రెండు స్తంభాల దూరం వేగంగా, మరో రెండు స్తంభాలు తాపీగా. మొదట ఇరవై నిమిషాలకు మించవద్దు. స్టేడియం అందుబాటులో ఉంటే, లోపలి గీత వెంట ఒక చుట్టు 400 మీటర్లు. ఒక చుట్టు గట్టిగా, రెండు నిమిషాలు నడక, అలా నాలుగు చుట్లు. చివరి చుట్టు కూడా మొదటి చుట్టంత సమయంలోనే రావాలి. రాలేదంటే మొదట్లో తొందరపడ్డారన్నమాట. ఈ పరుగు మర్నాడు సెలవు.

వేగం కోసమని అడుగు బారెడు వేసేవాళ్లున్నారు. పాదం శరీరానికి బాగా ముందు పడితే అది బ్రేకు వేసినట్టే. పైగా మోకాలికి దెబ్బ. అడుగు చిన్నదిగా, చకచకా పడాలి. 1984 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో జాక్ డేనియల్స్ అనే అమెరికన్ శిక్షకుడు దూరపరుగువాళ్ల అడుగులు లెక్కబెడితే దాదాపు అందరివీ నిమిషానికి 180, ఆ పైనే తేలాయి. వాళ్లు ఒలింపిక్స్ స్థాయి పరుగువాళ్లు. మనం ఆ అంకె పట్టుకు వేలాడక్కర్లేదు, ఉన్నదానికి నాలుగైదు అడుగులు పెంచితే చాలు.

ఊపిరితిత్తులకు వచ్చినంత త్వరగా ఎముకలకూ, నరాలకూ బలం రాదు. అంచేత ముంగాలి ఎముక వెంట నొప్పి మొదలైతే పంతానికి పోకండి, రెండు మూడు రోజులు ఆగండి. ఒకేచోట వేలు పెడితే జివ్వుమనే నొప్పయితే డాక్టరుకు చూపించాలి. వారానికి రెండుసార్లు పీట మీద కూర్చుని లేచినట్టు గుంజీలు, మెట్టు అంచున నిలబడి మడమలు పైకెత్తటం చేస్తే పిక్కలు గట్టిపడతాయి.

ఇన్నీ చేసినా నెమ్మది పరుగులోనే రొప్పు వస్తోందా? మెట్లెక్కితే గుండె దడదడలాడుతోందా? అయితే లోపం సాధనలో కాదు, రక్తంలో ఉండవచ్చు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉందని తేలింది. సగానికి పైగా! ప్రాణవాయువును మోసేది హిమోగ్లోబిన్. అది లేనప్పుడు గుండె ఎంత కొట్టుకుని ఏం లాభం? పరుగు మొదలుపెట్టేవాళ్లు బూట్లకంటే ముందు రక్తపరీక్ష చేయించుకోవాలని నా అభిప్రాయం. గర్భిణి కాని స్త్రీకి 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. ఇనుము మాత్రలు డాక్టరు చెప్పినట్టు వాడండి. తిండిలో మాంసం, కార్జం తినేవాళ్లకు సులువు. ఆకుకూరలు, పప్పుల మీద ఆధారపడేవాళ్లు పైన నిమ్మకాయ పిండుకోండి, జామకాయో ఉసిరికాయో తినండి, ఇనుము బాగా ఒంటబడుతుంది. భోజనం మీద టీ, కాఫీ తాగితే అది కాస్తా పోతుంది. గంట ఎడం ఉంచండి.

సన్నబడితే వేగం వస్తుందని కడుపు మాడ్చుకునే అమ్మాయిలకు ఒక మాట. తిండి చాలకపోతే నెలసరి ఆగిపోతుంది, ఎముకలు పలచబడతాయి. మూడు నెలలు రాకపోతే డాక్టరు దగ్గరకు వెళ్లి తీరాలి. కాన్పయినవాళ్లు కనీసం మూడు నెలలు ఆగి, డాక్టరును అడిగి మొదలుపెట్టండి. పరుగులో మూత్రం జారుతోందని కొందరు సిగ్గుపడి మానేస్తారు. కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామాలతో చాలామందికి అది తగ్గుతుంది, దాచుకోవద్దు.

మన వేసవిలో, ముఖ్యంగా విశాఖ, కాకినాడల ఉక్కలో, చెమట ఆరక ఒళ్లు చల్లబడదు. జనవరిలో వచ్చిన వేగం మేలో రాలేదని బాధపడటం తెలివితక్కువ. తెల్లవారుజామునే ముగించుకుని, ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. రోడ్డు మీదయితే ఎదురొచ్చే బండ్లు కనిపించేలా కుడిపక్కన పరుగెత్తండి. కుక్క వెంటపడితే పరుగు ఆపి నడవండి, దానితో పందెం వద్దు.

నాలుగు వారాలకొకసారి అదే చోట, అదే వేళకు, కొలిచిన దూరం పరుగెత్తి సమయం రాసుకోండి. పందెంలో పాల్గొన్న రోజున జనం హడావిడికి మొదటి కిలోమీటరు అందరూ లేడిపిల్లల్లా దూకుతారు. మీరు దూకకండి. మూడో కిలోమీటరు దాటాక వాళ్లలో కొందరు నడుము పట్టుకుని నడుస్తూ కనబడతారు. పలకరించి ముందుకు పోండి.