నీళ్ళు లేని నీటితోట

నీటిలో పెరిగే మొక్కను నీళ్ళు లేకుండా నాటమంటే ఎవరైనా నవ్వుతారు. కాని మన సీమ చెరువులను గమనించినవారికి ఇది నవ్వులాట కాదని తెలుసు. నీరు వెనక్కి తగ్గేకొద్దీ చెమ్మ ఆరని ఒండ్రుమీద సన్నని పచ్చిక తివాచీ పరచినట్లు మొలుస్తుంది. మళ్ళీ చెరువు నిండినప్పుడు అందులో కొన్ని మొక్కలు మునిగి కూడా బతుకుతాయి. చేపలతొట్టిలో మొక్కలు పెంచేవారు ఈ కిటుకునే పట్టుకుని 'డ్రై స్టార్ట్' అని పేరు పెట్టారు. అమెరికాలో టామ్ బార్ అనే నీటిమొక్కల నిపుణుడు దీనిని బాగా ప్రచారంలోకి తెచ్చాడు. పేరుకు పొడి; పనికి మాత్రం తడి!

ప్రొద్దుటూరులో పిల్లలకు తెలుగు చెప్పుకునే నాకు ఈ తొట్ల గొడవ ఎందుకంటారా? పులివెందులలో మా చెల్లెలి అత్తగారు వేసిన ప్రశ్నే కారణం. "తాగే నీళ్ళకే ట్యాంకరు కోసం కాచుకోని కూచుంటాంటే, గాజుపెట్టెలో పారబోసేదానికి యాడ తెచ్చేది నాయనా?" అన్నారావిడ. ఏడాదికి సుమారు 700 మిల్లీమీటర్ల వాన కురిసే జిల్లాలో అది కొట్టివేయదగ్గ ప్రశ్న కాదు.

లెక్క చూడండి. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గల తొట్టికి 55 లీటర్లు పడతాయి. కొత్త మట్టిలోంచి అమోనియా దిగుతుంది, పాచి పడుతుంది. అందుకని మొదటి నాలుగు వారాలు రోజు విడిచి రోజు సగం నీరు మార్చేవారున్నారు. అంటే 380 లీటర్ల దాకా పారబోత! డ్రై స్టార్టులో నాలుగు నుంచి ఎనిమిది వారాలు చిలకరింపే తప్ప నీరు నిలపడం లేదు. నీరు నిలవని చోట పాచి పెత్తనం సాగదు. ఈలోగా వేళ్ళు మట్టిని పట్టుకుంటాయి. అమోనియాను విరిచే సూక్ష్మజీవులు కూడా వృద్ధి అవుతాయి. నీరు నింపాక నాలుగైదుసార్లు మారిస్తే చాలావరకు సరిపోతుంది. ఆ నీటిని కనకాంబరం మడిలో పొయ్యండి.

పద్ధతి సులువే. అడుగున అంగుళం మట్టి, దానిపై కడిగిన ఇసుక వెయ్యాలి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల ప్రాంతం సున్నపురాయికి పేరుపడ్డది. సిమెంటు ఫ్యాక్టరీలు వెలిసింది అందుకే. కనుక ఇసుకమీద కాస్త వినిగరు పోసి చూడండి. బుసబుస పొంగితే సున్నం ఉన్నట్లే. అది నీటిని కఠినజలం చేస్తుంది. వేరే ఇసుక చూసుకోవాలి. మట్టి తడిసి ముద్దవ్వాలి గాని పైన నీరు నిలవరాదు. మొక్కలను చిన్న చిన్న కుదుళ్ళుగా విడదీసి, వరినారు నాటినట్లు నాటి, తొట్టిని పల్చని ప్లాస్టిక్ కాగితంతో మూసి, రోజూ సుమారు పది గంటలు దీపం వెలిగించాలి. రోజుకొకసారి కాసేపు మూత తీయకపోతే బూజు పడుతుంది.

మూసిన గాజులో మొక్క ఊపిరాడక చావదా అనవద్దు. లండనులో వార్డ్ అనే వైద్యుడు 1829లో మూతపెట్టిన సీసాలో ఫెరన్ మొక్క మొలవడం చూశాడు. తరువాత అటువంటి గాజుపెట్టెలలోనే చైనా తేయాకు మొక్కలు సముద్రం దాటి మన దేశానికి వచ్చాయి.

మొక్కకు ఇందులో మరో లాభం ఉంది. దాని ఆహారమైన బొగ్గుపులుసు వాయువు నీటిలో కంటె గాలిలో సుమారు పదివేల రెట్లు వేగంగా వ్యాపిస్తుంది. అందుకే గాలిలో మొక్క త్వరగా అల్లుకుంటుంది. ఆవగింజకన్న కాస్త పెద్ద ఆకులుండే క్యూబా దేశపు హెమియాంథస్‌కూ, మన కాలువగట్ల తడిలో పాకే నీటిబ్రాహ్మికీ ఇది బాగా నప్పుతుంది. హైడ్రిల్లా, వాలిస్నేరియా మాత్రం నీటిలోనే బతికే జాతులు. వాటిని ఇలా నాటితే ఎండిపోతాయి.

అదను కూడా ముఖ్యం. పులివెందుల వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు మూసిన తొట్టిని కిటికీ దగ్గర పెడితే మొక్కలు ఉడికిపోతాయి. కార్తికం నుంచి మాఘం దాకా మంచి కాలం.

వేళ్ళు పట్టాక, ఇసుకమీద పళ్ళెం పెట్టి, దానిమీద మెల్లగా నీరు పొయ్యండి. కొన్ని ఆకులు కరిగిపోతే కంగారు పడనక్కరలేదు. గాలిలో పుట్టిన ఆకుకు ఎండిపోకుండా మైనపు పొర ఉంటుంది. అది నీటిలో పనికిరాదు. వేరు గట్టిగా ఉంటే పల్చని కొత్త ఆకులు వస్తాయి. కుళ్ళినవి తీసివేసి, నీటిలో అమోనియా లేదని పరీక్షలో తేలాకే చేపలను వదలండి.

ఒక్క మనవి. కత్తిరించిన మొక్కలను పెన్నలోనో, ఊరి చెరువులోనో పడవేయకండి. అందమైన పువ్వని 19వ శతాబ్దం చివర బెంగాలుకు తెచ్చిన గుర్రపుడెక్క ఈనాడు దేశంలో ఎన్ని చెరువులను కప్పివేసిందో మీకు తెలుసు. ఆ ముక్కలను ఎండబెట్టి ఎరువుగుంటలో వెయ్యండి. మన చెరువు ఒండ్రులో మొలవవలసినవి వాటంతట అవే మొలుస్తాయి.