ఇరువది ముఖాల పాచిక

పాచికలనగానే మనకు శకుని స్ఫురిస్తాడు. ఆ ద్యూతసభలో భుజబలానికి విలువ లేకపోయింది. భీముడు ప్రక్కనే కూర్చుండినా పాచిక పడిన తీరు మారలేదు. భుజబలాన్నీ పాచికనూ ఒకే లెక్కలో కలిపితే ఎట్లుండును? ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే క్రీడలోని యుద్ధమంతా ఈ కలయికపైనే ఆధారపడి యున్నది. గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు రూపొందించిన ఈ క్రీడ 1974లో అమెరికాలో వెలువడినది.

ఇందులో ప్రతి ఆటగాడూ ఒక కల్పిత వీరుని పాత్ర ధరిస్తాడు. కథను నడిపే నిర్వాహకుడు వేరే ఉంటాడు. వీరుడు రాక్షసునిపై కత్తి దూసినప్పుడు వేటు తగిలినదీ లేనిదీ తేల్చేది ఇరువది ముఖాల పాచిక. గణిత బోధనకై పాఠశాలలకు అమ్మే సామగ్రి నుండి ఈ పాచికలను గైగాక్స్ తెచ్చుకొన్నాడు. క్షేత్రగణితపు బొమ్మలు రాక్షసవధకు అక్కరకు రావడం తమాషాయే!

వీరునికి బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, బుద్ధి, వివేకం, ఆకర్షణ అనే ఆరు గుణాలు. మూడు మామూలు పాచికలు వేసి, వాటి మొత్తాన్ని ఒక్కొక్క గుణానికి ఇవ్వడం పాత సంప్రదాయం. మూడు పాచికలు పడే విధాలు 216. వాటిలో 18 వచ్చే విధం ఒక్కటే. 10 వచ్చే విధాలు 27. కనుక మహాబలులు అరుదు, సామాన్యులే అధికం. యుద్ధంలో వేసే ఒంటి పాచికకు ఈ పక్షపాతం లేదు. ఒకటైనా ఇరువదైనా నూటికి 5 వంతులే.

విచిత్రమేమనగా, 1974 నాటి తొలి నియమాలలో బలశాలి కత్తివేటుకు ఎట్టి అదనపు లాభమూ లేదు. 1975లో వచ్చిన ‘గ్రేహాక్’ అనుబంధం ఆ లోటు తీర్చింది. అన్ని గుణాలకూ ఒకే సూత్రం 2000 నాటి మూడవ కూర్పులో వచ్చినది: గుణాంకం నుండి 10 తీసి సగం చేయవలెను, భిన్నం వస్తే క్రింది అంకెకు దించవలెను. 16కు మూడు కూడిక. 8కి ఒకటి తీసివేత. దీనినే మోడిఫయర్ అంటారు.

2014 నాటి నియమాలతో ఒక పోరు చూతము. రాక్షసుని కవచపు అంకె 15. మన వీరుని బలానికి 3, ఆయుధ శిక్షణకు 2, వెరసి 5. పాచికపై 10గాని అంతకు మించిగాని పడితే వేటు తగులుతుంది. అనగా నూటికి 55. శిక్షణ లేని, బలం 8 గల పండితునికి 16 పడవలెను, నూటికి 25.

ఒక్క అంకె పెరిగితే నూటికి 5 మాత్రమే గదా అని తేలికగా తీసివేయరాదు. టరాస్క్ అనే మహామృగం కవచపు అంకె 25. మన వీరునికి ఇరువదియే పడవలెను. మరొక్క అంకె కలిస్తే 19 కూడా చాలును. నూటికి 5 కాస్తా 10 అయి, అవకాశం రెట్టింపగును. అదే అంకె కవచపు అంకె 10 గల అల్పునిపై 80ని 85 చేస్తుంది, అంతే. బలం విలువ శత్రువును బట్టి మారుతున్నదన్నమాట.

అనుకూల స్థితిలో ఉన్నవాడు రెండు పాచికలు వేసి పెద్దది గ్రహించవచ్చునన్నది 2014 కూర్పులోని మరొక నియమం. మన వీరుని 55 దాదాపు 80 అవుతుంది. ప్రతికూలమైతే చిన్నదే లెక్క, 30కి పడిపోతుంది. కూడికల చిట్టా పెంచకుండా పరిస్థితిని పాచికలోనికి తెచ్చిన ఈ కల్పన నా దృష్టిలో అన్నింటికన్న సొగసైనది.

ప్రాణబలం సున్నకు చేరి వీరుడు నేలకూలినప్పుడు లెక్క వేరు. ప్రతి వంతుకూ ఒక పాచిక. 10 మొదలు పైవన్నీ గెలుపు, తక్కువైతే ఓటమి. ఇరువది పడితే లేచి కూర్చుంటాడు. ఒకటి పడితే రెండు ఓటములు. మూడు గెలుపులు ముందుగా వస్తే ప్రాణం నిలుస్తుంది, మూడు ఓటములైతే పోతుంది. ఆరు గుణాలలో ఏ ఒక్కటీ సాధారణంగా ఆ పాచికకు కలుపరు.