ఉపరితల రేడియోధార్మిక కాలుష్య పరిమితులు – రామగుండం, జైపూర్ బూడిదకు వాటి అన్వయం

తెలంగాణలో అణు విద్యుత్ కేంద్రం లేదు. అయితే పూర్వపు కరీంనగర్ జిల్లాలోని రామగుండంలో 2600 మెగావాట్ల ఎన్.టి.పి.సి. కేంద్రం, పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలోని జైపూర్‌లో 1200 మెగావాట్ల సింగరేణి కేంద్రం బొగ్గుతో నడుస్తున్నాయి. బొగ్గులో యురేనియం, థోరియం సహజంగానే స్వల్పంగా ఉంటాయి. బొగ్గు కాలినప్పుడు అవి చాలావరకు బూడిదలో మిగులుతాయి. బొగ్గులో బూడిద 35 శాతమైతే వాటి సాంద్రత బూడిదలో సుమారు మూడు రెట్లవుతుంది. అణు కేంద్రాల ఉపరితల కాలుష్య పరిమితులతో ఈ బూడిదను అంచనా వేయవచ్చునా అన్నది పరిశీలించదగిన ప్రశ్న.

నేల, పనిముట్లు, దుస్తులు, చర్మం మొదలైన వాటిపై చేరిన రేడియోధార్మిక పదార్థమే ఉపరితల కాలుష్యం. దీనిని చదరపు సెంటీమీటరుకు బెకరెళ్ళలో కొలుస్తారు. సెకనుకు ఒక కేంద్రక విఘటనం ఒక బెకరెల్. ఉపరితలాన్ని అంటిపెట్టుకొని ఊడిరానిది స్థిర కాలుష్యం; తాకినా, తుడిచినా ఊడివచ్చేది అస్థిర కాలుష్యం. రెండవది చేతుల ద్వారా నోటికి, గాలి ద్వారా ఊపిరితిత్తులకు చేరగలదు. కనుక వడపోత కాగితంతో నిర్ణీత వైశాల్యాన్ని తుడిచి, కాగితానికి అంటిన ధార్మికతను లెక్కిస్తారు.

అంతర్జాతీయ అణుశక్తి సంస్థ రవాణా నిబంధనల ప్రకారం, రేడియోధార్మిక పదార్థాల పెట్టెల వెలుపలి అస్థిర కాలుష్యం బీటా, గామా, అల్ప విషత్వపు ఆల్ఫా ఉద్గారకాలకు చదరపు సెంటీమీటరుకు 4 బెకరెళ్ళను, ఇతర ఆల్ఫా ఉద్గారకాలకు 0.4 బెకరెళ్ళను మించరాదు. ఆల్ఫా కణం చర్మపు పైపొరను దాటలేదు. కాని దానిని వెలువరించే పదార్థం శరీరంలో ప్రవేశిస్తే హాని అధికం. అందుకే ఆ పరిమితి పదోవంతు. అణు విద్యుత్ కేంద్రాల్లోనూ ఇదే తర్కంతో, నియంత్రిత ప్రాంతం నుండి వెలుపలికి వచ్చే వ్యక్తులను, పరికరాలను పరీక్షిస్తారు.

బూడిద విషయం వేరు. సహజ యురేనియం, థోరియం శ్రేణులకు ఆ సంస్థ సూచించిన నియంత్రణ ప్రమాణం గ్రాముకు 1 బెకరెల్. యురేనియం-238 ఆ స్థాయిలో ఉన్న బూడిద చదరపు సెంటీమీటరుకు 10 మిల్లీగ్రాములు పేరుకొన్నా, ఆ యురేనియం ధార్మికత 0.01 బెకరెల్ మాత్రమే. అంటే 4 బెకరెళ్ళలో 400వ వంతు. అందువల్ల ఉపరితల పరీక్షలో బూడిద దాదాపు ఎల్లప్పుడూ ఉత్తీర్ణమవుతుంది. కాని ఆ ఫలితం భద్రతకు ధ్రువపత్రం కాదు. బూడిద ప్రభావం దాని భారీ పరిమాణం వల్ల, పీల్చే ధూళి, ఇటుకల నుండి వెలువడే రేడాన్, భూగర్భ జలంలోకి ఊట అనే మార్గాల్లో ప్రసరిస్తుంది. వాటికి గ్రాముకు, లీటరుకు, ఘనపు మీటరుకు బెకరెళ్ళే తగిన కొలమానాలు.

బూడిదలో యురేనియం ఉన్నంత మాత్రాన బూడిద చెరువు రియాక్టర్ ప్రాంగణం కాదు. ఉపరితల పరీక్షలో నెగ్గినంత మాత్రాన నిరపాయకరమూ కాదు. ధార్మికత మనిషిని చేరే మార్గాన్ని గుర్తించిన తరువాతనే కొలమానాన్ని ఎంచుకోవాలి.