గెలిస్తే హీరోది... ఓడితే హీలర్‌ది!

ఆన్‌లైన్ ఆటల్లో అందరూ కొట్టేవాళ్లే అయితే జట్టు నిలబడదు. ఎవరో ఒకరు వెనకుండి కాచుకోవాలి. చిత్రమేంటంటే... జట్టులో అందరికంటే ఎక్కువ తిట్లు పడేది ఆ కాచుకునేవాళ్లకే. ఎందుకలా? దాన్ని మార్చడానికి గేమ్ కంపెనీలు ఏం చేశాయి?

అయిదుగురు ఆటలోకి దిగారు. ముగ్గురు ఆయుధాలు పట్టుకుని శత్రువు మీద పడ్డారు. ఒకరు ఎదుటివాళ్ల దెబ్బలన్నీ తన ఒంటిమీద వేసుకుంటూ అడ్డంగా నిలబడ్డారు. అయిదో ఆటగాడు మాత్రం ఒక్క దెబ్బా కొట్టలేదు. ఎవరి ప్రాణం తగ్గుతోందో చూసుకుంటూ, తగ్గినవాళ్లకు తగ్గినట్టు మందు వేసుకుంటూ వెళ్లాడు. ఇరవై నిమిషాలు అలా నెట్టుకొచ్చాక ఒక్క క్షణం ఆలస్యమైంది. ముందున్నవాడు పడిపోయాడు. అంతే... 'హీల్ ఏదిరా?' 'నీకెందుకురా గేమ్?' 'ఫోన్ అమ్ముకో పో!' ఆ తర్వాత వచ్చినవి పత్రికలో రాయదగ్గ మాటలు కావు.

హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆన్‌లైన్‌లో జట్టుగా ఆడే ఎవరినడిగినా ఇలాంటి కథ ఒకటి చెబుతారు. ఆ తిట్లు తిన్న ఆటగాణ్ని కొన్ని ఆటల్లో 'హీలర్' అంటారు, కొన్నింట్లో 'సపోర్ట్' అంటారు. పేరేదైనా పని ఒకటే. పక్కవాణ్ని బతికించడం.

ఆఖరి వాటా వాళ్లదే!

ఈ పని పంపకం కొత్తదేం కాదు. 1999లో వచ్చిన 'ఎవర్‌క్వెస్ట్'లో మందు వేసే క్లెరిక్ పక్కన లేకుండా పెద్ద రాక్షసుల జోలికి వెళ్లడానికి ఆటగాళ్లు జంకేవారు. 2004లో విడుదలైన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఆ పద్ధతిని ప్రపంచమంతా తీసుకెళ్లింది. అందులో అయిదుగురి జట్టుకి లెక్క ఇదీ: దాడిచేసేవాళ్లు ముగ్గురు, దెబ్బలు కాచే 'ట్యాంక్' ఒకరు, మందు వేసే హీలర్ ఒకరు. దాడిచేసేవాళ్లలో ఒకరు కాస్త ఏమరుపాటుగా ఉన్నా ఆట నడుస్తుంది. ట్యాంకో హీలరో తడబడితే మాత్రం అయిదుగురూ నేలమీద ఉంటారు.

'డోటా 2'లో ఈ తేడాని అంకెల్లోనే చెప్పేస్తారు. జట్టులో ఒకటి నుంచి అయిదు వరకూ స్థానాలుంటాయి. ఆటలో సంపాదించే బంగారంలో మొదటి హక్కు ఒకటో నంబరుది. అయిదో నంబరు సపోర్ట్‌ది. అందరూ తీసుకోగా మిగిలింది అతనిది.

2009లో వచ్చిన 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' సంగతి ఇంకా విచిత్రం. చీకట్లో పొంచి ఉన్న శత్రువు కనబడాలంటే అక్కడక్కడా 'వార్డ్'లు పాతాలి. నిఘా కెమెరాల్లాంటివన్నమాట. తొలి రోజుల్లో ఒక్కో వార్డ్ ధర 75 బంగారు నాణేలు. అదీ మూడు నిమిషాలుండి మాయమైపోయేది. వాటిని కొనే బాధ్యత ఎక్కువగా సపోర్ట్ నెత్తినే పడేది. అసలే ఆదాయం తక్కువ, ఉన్నదంతా వార్డ్‌లకే పోయేది. తనకంటూ ఒక మంచి ఆయుధం కొనుక్కునే యోగం ఉండేది కాదు. అయినా వార్డ్ లేని పొద చాటు నుంచి శత్రువు దూకితే 'వార్డ్ ఎందుకు పెట్టలేదు?' అన్న ప్రశ్న అతనికే.

కనబడేది తప్పొక్కటే...

జట్టుని మోసేవాళ్లనే జట్టు ఎందుకు తిడుతుంది? మొదటి కారణం, ఆ పని కళ్లకు కనబడకపోవడం. ఎంతమందిని చంపారన్నది స్కోరుబోర్డు మీద పెద్ద అక్షరాల్లో ఉంటుంది. ఎన్ని చావులు తప్పించారన్నది ఎక్కడా ఉండదు. జరగని చావుని ఎవరు లెక్కపెడతారు? క్రికెట్లో వికెట్ కీపర్‌లాగే. రోజంతా పట్టిన బంతులు ఎవరికీ గుర్తుండవు, వదిలేసిన ఒక్క క్యాచే గుర్తుంటుంది. కాకపోతే క్యాచ్ వదిలేసిన కీపర్ని మైదానం మధ్యలో అయ్యా అమ్మా అని తిట్టరు. ఇక్కడ తిడతారు.

రెండోది, ముందున్నవాడికి వెనక ఏం జరుగుతోందో తెలియకపోవడం. అతని కళ్లన్నీ శత్రువు మీదే. ఆ క్షణంలో హీలర్ ఇంకో ఇద్దర్ని కాపాడుతున్నాడన్న సంగతి అతనికి కనబడదు. 'లీగ్ ఆఫ్ లెజెండ్స్'లో 'జంగ్లర్' అనే ఆటగాడిదీ ఇదే అవస్థ. మూడు దారుల్లో ఉన్నవాళ్లూ సాయానికి రమ్మంటారు. అతను వెళ్లగలిగేది ఒకవైపే. మిగతా రెండు వైపులా తిట్లు సిద్ధంగా ఉంటాయి.

మూడోది, ఆ అరగంట బంధం. జట్టులోవాళ్లంతా కంప్యూటర్ జతచేసిన అపరిచితులు. ఒకరి మొహం ఒకరికి తెలియదు, మ్యాచ్ అయ్యాక మళ్లీ ఎదురుపడతారన్న భయమూ లేదు. పోనీ, భరించలేక మధ్యలో వెళ్లిపోదామంటే శిక్ష పడుతుంది. 'డోటా 2'లో అయితే మాటిమాటికీ మ్యాచ్ వదిలేసేవాళ్లనీ ఫిర్యాదులు వచ్చినవాళ్లనీ వేరే వరసలో పెట్టి వాళ్లతో వాళ్లనే ఆడిస్తారు. దాంతో తిట్లు తింటూనే చివరిదాకా ఆడాల్సిన పరిస్థితి.

ఆ ఆటగాడి గొంతు ఆడగొంతు అయితే? అమెరికాలోని ఒహాయో యూనివర్సిటీ పరిశోధకులు 'హాలో 3' ఆటలో ఓ ప్రయోగం చేశారు. ముందే రికార్డు చేసిన ఒకే రకం మాటల్ని కొన్ని మ్యాచుల్లో మగగొంతుతో, కొన్నింట్లో ఆడగొంతుతో వినిపించారు. 2013లో అచ్చయిన ఆ ఫలితాల ప్రకారం ఆడగొంతుకి వచ్చిన చెడు వ్యాఖ్యలు మగగొంతు కంటే మూడు రెట్లు ఎక్కువ. అదే ఆట మీద 2015లో వచ్చిన మరో పరిశోధన ఇంకో ముడి విప్పింది. ఆడగొంతు మీద ఎక్కువగా విరుచుకుపడింది బాగా ఆడేవాళ్లు కాదు... ఆటలో వెనకబడిన మగవాళ్లు!

తాయిలం పెట్టినా రారే!

తిట్లు తిని తిని ఓ రోజు హీలర్‌కి విసుగొస్తుంది. 'నాకెందుకొచ్చిన గొడవ' అని తనూ కత్తి పట్టుకుంటాడు. అలా ఒక్కొక్కరే జారుకుంటే మిగిలినవాళ్లకు ఆటే దొరకదు.

'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' 2009 డిసెంబరులో జట్టుని తనే కుదిర్చిపెట్టే ఏర్పాటు తెచ్చింది. అప్పుడు బయటపడింది అసలు కొరత. దాడిచేసేవాళ్లు బారులు తీరి ఎదురుచూస్తున్నారు. ట్యాంకులు, హీలర్లే దొరకడంలేదు. దాంతో 2011లో ఆ కంపెనీ ఓ తాయిలం ప్రకటించింది. ఆ సమయానికి ఏ పనికి మనుషులు తక్కువగా ఉంటే ఆ పనికి ఒప్పుకున్నవాళ్లకు అదనంగా ఓ బహుమతుల సంచీ!

అదే కంపెనీ 2016లో తెచ్చిన 'ఓవర్‌వాచ్'కీ ఈ తిప్పలు తప్పలేదు. ఆరుగురి జట్టులో అయిదుగురు దాడికే సిద్ధమంటే ఆరోవాడు తప్పక హీలర్ అయ్యేవాడు. చూసి చూసి 2019లో కచ్చితమైన లెక్క పెట్టారు. దాడికి ఇద్దరు, కాపుకి ఇద్దరు, మందుకి ఇద్దరు. ఎవరేం ఆడతారో ముందే చెప్పాలి. ఫలితం... దాడి వరస చాంతాడంత. 2020లో ఇంకో ఉపాయం ఆలోచించారు. కొరతగా ఉన్న స్థానంలో ఆడినవాళ్లకు పాసులిచ్చారు. ఆ పాసుతో తర్వాత దాడి వరసలో ముందుకెళ్లొచ్చు. శీఘ్రదర్శనం టికెట్ లాంటిదన్నమాట!

తాయిలాలతో వరస కొంత కదిలింది కానీ తిట్లు ఆగలేదు. సంచీ కోసం వచ్చినవాడు కూడా తిట్టు తగిలితే బాధపడతాడు కదా.

తిట్టేది రౌడీలేనా?

అయితే తిట్టేవాళ్లందరినీ పట్టుకుని బయటకు పంపేస్తే? ఆ పనీ చేశారు. 'ఓవర్‌వాచ్' ఆటగాళ్లలో 4 లక్షల 80 వేలకు పైగా ఖాతాల మీద చర్యలు తీసుకున్నామని దాని డైరెక్టర్ జెఫ్ కాప్లన్ 2017లో ప్రకటించారు. శిక్షలు వేసే పనితోనే సరిపోతుంటే ఆటలో కొత్త హంగులు తేవడం ఆలస్యమవుతోందనీ ఆయన వాపోయారు.

'లీగ్ ఆఫ్ లెజెండ్స్' తయారుచేసే రయట్ గేమ్స్ ఇంకాస్త లోతుకి వెళ్లింది. 2011లో ఆటగాళ్లతోనే ఓ పంచాయతీ పెట్టించింది. ఫిర్యాదు వచ్చిన ఆటగాడి చాట్ చదివి శిక్షించాలో క్షమించాలో తోటి ఆటగాళ్లే ఓటేసేవారు. ఆ తర్వాత మనస్తత్వ నిపుణుల్ని పెట్టి లెక్కలు తీస్తే అందరూ నోరెళ్లబెట్టే సంగతి తేలింది. ఎప్పుడూ చెడుగా ప్రవర్తించేవాళ్ల వల్ల జరుగుతున్నది మొత్తం గొడవల్లో 13 శాతమే. మిగతా 87 శాతం మామూలుగా మర్యాదగా ఉండేవాళ్ల నుంచే వస్తోంది! ఆఫీసులో చిరాకుపడ్డవాళ్లు, పరీక్ష పాడుచేసుకున్నవాళ్లు, అంతకుముందు మ్యాచ్‌లో తామే తిట్లు తిన్నవాళ్లు... ఏదో ఒక రోజు ఒక్కసారి నోరు జారుతున్నారు. కోట్లమంది ఒక్కోసారి జారితే అది ఏరై పారుతుంది.

తిట్టేది 'వాళ్లు' కాదు, 'మనమే' అని తేలాక మందు కూడా మారింది. ఎదుటి జట్టుతో చాట్‌ని రయట్ తీసెయ్యలేదు. మొదట్లో ఆపి ఉంచి, కావాలనుకున్నవాళ్లు తెరుచుకునేలా చేసింది. మాట్లాడుకోవడం దాదాపు అంతే ఉంది కానీ చెడు మాటలు 32.7 శాతం తగ్గాయి, మంచి మాటలు 34.5 శాతం పెరిగాయి. ఓ చిన్న మీట నొక్కేంత ఆలస్యం... ఆవేశం సగం దిగడానికి సరిపోయింది.

కనబడితే చాలు

అన్నిటికంటే పనికొచ్చిన ఉపాయం మాత్రం వేరే. కనబడని పనిని కనబడేలా చెయ్యడం.

'లీగ్ ఆఫ్ లెజెండ్స్' 2012లో మ్యాచ్ అయ్యాక తోటివాళ్లకు 'గౌరవం' ఇచ్చే ఏర్పాటు చేసింది. మరుసటి ఏడాది చివర్లో జట్టులో ప్రతి ఒక్కరికీ ఉచితంగా నిఘా సాధనం ఇచ్చేసింది. 'చీకట్లో దీపం పెట్టాల్సింది నువ్వే' అని సపోర్ట్‌ని నిలదీసే అవకాశం తగ్గిపోయింది. 'డోటా 2'లో సామాన్లు మోసే కొరియర్ కోసం సపోర్టే తన డబ్బు ఖర్చుపెట్టిన రోజులున్నాయి. 2019 నవంబరు నుంచి ఎవరి కొరియర్ వాళ్లకు వచ్చేసింది. బాధ్యతని పంచితే నింద కూడా పంచుకుపోతుందన్న లెక్క ఇది.

'ఓవర్‌వాచ్' 2018 జూన్‌లో మెచ్చుకోలు పెట్టింది. మ్యాచ్ చివర్లో బాగా సహకరించినవారి పేరు మీద ఒక్క నొక్కు నొక్కితే వారి ఖాతాలో ఓ గుర్తు పడుతుంది. కొద్దివారాల్లోనే తిట్లున్న పోటీ మ్యాచులు అమెరికా ఖండాల్లో 26.4 శాతం, కొరియాలో 16.4 శాతం తగ్గాయని కంపెనీ చెప్పింది.

పెద్ద పోటీల్లో ఆడేవాళ్లకు ఈ పని విలువ ఎప్పుడో తెలుసు. 2014లో సోల్‌లో జరిగిన 'లీగ్ ఆఫ్ లెజెండ్స్' ప్రపంచ పోటీలో అత్యుత్తమ ఆటగాడిగా నిలిచిన మాటా ఆడింది సపోర్ట్ స్థానంలోనే. డెన్మార్క్‌కి చెందిన జోహాన్ సండ్‌స్టైన్ అప్పట్లో 'డోటా 2'లో ఓజీ జట్టు కెప్టెన్‌గా ఉండేవాడు. ఆడింది అదే అయిదో నంబరు. 2018లో సహచరులు వదిలి వెళ్లిపోతే కొత్తవాళ్లను కూడగట్టుకుని, అర్హత పోటీల మెట్ల నుంచి మొదలుపెట్టి ప్రపంచ విజేత అయ్యాడు. 2019లో షాంఘైలో మళ్లీ గెలిచాడు. ఆ ఏడాది ఆ జట్టుకి దక్కిన బహుమతి కోటీ 56 లక్షల డాలర్లు. అందరికంటే తక్కువ బంగారంతో ఆడేవాడే జట్టుని నడిపించాడన్నమాట.

మన పిల్లల మాటేంటి?

ఇదంతా ఎక్కడో విదేశాల్లో జరిగేది అనుకుంటే పొరపాటే. 2018లో పబ్జీ మొబైల్ వచ్చాక మన ఊళ్లలోనూ జట్టు ఆటలు ఇంటింటికీ చేరాయి. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 2021లో 'బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా' వచ్చింది. నలుగురి జట్టులో ఒకరు దెబ్బతిని పడిపోతే ఇంకొకరు వెళ్లి లేపాలి. లేపుతున్నంతసేపూ అతను తుపాకీ పేల్చలేడు. చుట్టూ తూటాలు. లేపబోయినవాడూ పడిపోతే... మైకులో 'నూబ్' అన్న బిరుదు ఖాయం. ఆట రానివాడని దానర్థం. కంప్యూటర్ మీద 'వాలరెంట్' ఆడే కుర్రాళ్లలోనూ అంతే. మెరుపుదాడి పాత్రల్ని రెప్పపాటులో లాగేసుకుంటారు. పొగబాంబులు వేసి దారిచ్చే పాత్ర చివరగా వచ్చినవాడికి మిగులుతుంది.

పెద్దలు ఆట నియమాలన్నీ నేర్చుకోనక్కర్లేదు. రెండు సంగతులు తెలిస్తే చాలు. ఒకటి, ఈ ఆటల్లో అవతలివారి గొంతు వినబడకుండా చేసే మ్యూట్ మీట, ఫిర్యాదు చేసే మీట ఉంటాయి. అవి ఎక్కడున్నాయో పిల్లల్నే అడిగి చూపించమనండి. తిట్లు విని కూడా మ్యాచ్ మధ్యలో లేవలేని పిల్లవాడికి ఆ మీట పెద్ద ఊరట. రెండు, 87 శాతంలో మన పిల్లలూ ఉండొచ్చు. బయట ఎవర్నీ పల్లెత్తు మాట అనని అబ్బాయి మైకులో ఏమంటున్నాడో అప్పుడప్పుడూ చెవిన వేసుకోవడం మంచిదే. అరిచి ఫోన్ లాక్కుంటే వచ్చేది మూసిన తలుపే. 'ఆ అవతలివాడు మన చిన్నోడి వయసే అయ్యుంటాడు కదరా' అంటే కాస్తయినా ఆలోచిస్తాడు.

ఇంకోటి. ఆట ముగించి భోజనానికొచ్చినప్పుడు 'ఎంతమందిని కొట్టావ్?' అని అడగడం అలవాటు. ఈసారి 'ఎంతమందిని లేపావ్?' అని అడిగి చూడండి. చెప్పడానికి వాళ్ల దగ్గర చాలా ఉంటుంది. ఇంతవరకూ ఎవరూ అడిగి ఉండరు మరి!