ఒకే మాత్ర - ఇద్దరు రోగులు

జీవితంలో ఒక్క సిగరెట్టైనా ముట్టని తల్లికి ఊపిరితిత్తుల కేన్సర్ వచ్చిందని ఇండియానుంచి ఫోను వస్తే, విదేశంలో ఉన్న పిల్లలు మొదట నమ్మరు. నమ్మిన తరువాత వారడిగే ప్రశ్న ఒక్కటే: "అమ్మకు ఆ కొత్త మాత్ర పనిచేస్తుందా?" దానికి సమాధానం చెప్పవలసింది ఆ తల్లి కణితియే.

జెఫిటినిబ్ అనే మాత్రకు 2002లో జపాన్, 2003లో అమెరికా అనుమతి ఇచ్చినాయి. దాని ఫలితాలు వైద్యులను తికమక పెట్టినాయి. పదిమందికి ఇస్తే ఒకరిద్దరిలో కణితి కొద్ది వారాలలోనే కరిగిపోయేది. తక్కినవారికి చెప్పుకోదగ్గ మేలు కనబడలేదు. మేలు పొందినవారిలో పొగ త్రాగనివారు, స్త్రీలు, తూర్పు ఆసియావారు ఎక్కువ. దీని మర్మాన్ని 2004లో బోస్టన్ నగరంలోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్, డానా-ఫార్బర్ కేన్సర్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రజ్ఞులు విడివిడిగా, దాదాపు ఒకేసారి బయటపెట్టినారు.

మన జీవకణాల పైపొరలో ఇ.జి.ఎఫ్.ఆర్. అనే ప్రోటీన్ ఉంటుంది. దానిని వాకిట కాలింగ్ బెల్‌తో పోల్చవచ్చు. వెలుపలినుండి పెరుగుదల సంకేతం వచ్చి నొక్కితేనే లోపల గంట మ్రోగాలి, కణం విభజన చెందాలి. దాని జన్యువులో ఒకానొక మార్పు కలిగితే నొక్కేవారు లేకున్నా గంట మ్రోగుతూనే ఉంటుంది; కణాలు అదుపు లేకుండా పెరుగుతాయి. మాత్రలోని మందు ఆ ప్రోటీన్ లోపలి భాగంలో, శక్తినందించే ఏ.టి.పి. అణువు కూర్చోవలసిన గుంటలో తాను కూర్చుని గంటను ఆపుతుంది. గంట పాడైన ఇంటిలోనే ఈ వైద్యానికి పని.

మనిషిని చూచి ఊహించి మాత్ర ఇస్తే ఏమవుతుందో 2009లో వెలువడిన ఐపాస్ పరిశోధన తేల్చింది. తూర్పు ఆసియాలో పన్నెండు వందల మందికి పైగా రోగులు అందులో పాల్గొన్నారు. దాదాపు అందరూ పొగ త్రాగనివారే. జన్యుమార్పు ఉన్నవారిలో సగం మందికి వ్యాధి ముదరడానికి మాత్రతో 9.5 నెలలు, కీమోథెరపీతో 6.3 నెలలు పట్టింది. మార్పు లేనివారిలో కథ తిరగబడింది: కీమోతో 5.5 నెలలు, మాత్రతో నెలన్నర మాత్రమే! అందుకే పరీక్ష రిపోర్టు చూడకుండా "మాత్ర సుఖం, ఇంజక్షన్లు కష్టం" అని పట్టుబట్టడం ఆత్మీయులు చేయరాని పని.

అయితే కణితి కూడా ఊరుకోదు. ఈ తొలితరం మాత్రలకు లొంగిన కణితి సుమారు ఏడాదికి దారి మార్చుకుంటుంది. సగానికి పైగా రోగులలో టి790ఎమ్ అనే మరొక మార్పు అందుకు కారణం. దానిని ఎదుర్కొనడానికి ఆసిమెర్టినిబ్ 2015లో వచ్చింది. దీనినే మొదటి మందుగా ఇచ్చినప్పుడు ఆ గడువు 18.9 నెలలకు పెరిగింది. మెదడుకు ప్రాకిన వ్యాధిపైన కూడా ఇది బాగా పనిచేస్తుంది. ముదిరిన వ్యాధిని ఇవి సాధారణంగా నిర్మూలించవు, నిలువరిస్తాయి.

జెఫిటినిబ్, ఎర్లోటినిబ్ మాత్రలను హైదరాబాదుకు చెందిన నాట్కో వంటి సంస్థలు తమ పేర్లతో తయారుచేయడం వలన మన ఊళ్ళలో ఎందరికో అవి అందుబాటులోకి వచ్చినాయి.

ఇంటివద్ద మ్రింగే మాత్ర గనుక దీనిని తేలికగా తీసుకోరాదు. మొటిమలవంటి దద్దురులు, విరేచనాలు, గోళ్ళ అంచుల వాపు సాధారణం. ఆయాసం హఠాత్తుగా పెరిగితే మాత్రం ఆలస్యం చేయక వైద్యునికి చెప్పాలి. అరుదుగా ఈ మందే ఊపిరితిత్తులకు వాపు తెచ్చి ప్రాణాపాయం కలిగిస్తుంది. పులిత్రేన్పులకు వాడే కొన్ని మందులు జెఫిటినిబ్, ఎర్లోటినిబ్‌లను ఒంటికి సరిగా పట్టనివ్వవు. మూలికల సంగతీ దాచకూడదు.

పరీక్షకు బయాప్సీ ముక్క చాలకపోతే రక్తంతోనూ చేయవచ్చు. రక్తంలో మార్పు కనబడితే నమ్మవచ్చు. కనబడకపోతే లేదని తీర్మానించరాదు, వీలైతే ముక్కను మళ్ళీ తీసి చూడాలి. రిపోర్టుకు రెండు మూడు వారాలు పట్టవచ్చు. ఫోనులో మందు పేరుకన్నా ముందు అడగవలసింది ఆ రిపోర్టు సంగతి.