నవ్వకూడని చోట నవ్వే డాక్టరు

శుక్రవారం మధ్యాహ్నం సహం ఊరంతా కునుకు తీస్తుంటే మా ఇంట్లో పాత డి.వి.డి.లు బయటికి వస్తాయి. వాటిలో ముందుది ‘ది సింప్సన్స్’. బొమ్మల ఆటే గాని పసిపిల్లల కోసం తీసింది కాదు. మాట్ గ్రోనింగ్ సృష్టించిన ఈ పసుపుపచ్చని కుటుంబం 1989 డిసెంబరులో అమెరికా టెలివిజన్‌లో సొంత ధారావాహికగా మొదలైంది. తొలి భాగాలు 2001లో డి.వి.డి.లుగా వచ్చాయి. తండ్రి హోమర్ తిండిపోతు, బీరు ప్రియుడు. పంతులు, పోలీసు, పాస్టరు ఎవరూ ఇందులో వెక్కిరింతకు అతీతులు కారు.

2005 రంజాన్ మాసంలో ఎం.బి.సి. దీన్ని ‘అల్ షమ్‌షూన్’ పేరుతో అరబ్బీలో ప్రసారం చేసింది. హోమర్ ‘ఒమర్’ అయ్యాడు. ఈజిప్టు హాస్యనటుడు మొహమ్మద్ హెనెదీ గొంతు అరువిచ్చాడు. బీరు పోయి సోడా వచ్చింది. మర్యాద దక్కింది గాని ఆదరణ దక్కలేదు. గిరీశం చేత చుట్ట మాన్పించి, అబద్ధాలు మాన్పిస్తే ‘కన్యాశుల్కం’లో మిగిలేదేమిటి?

అయితే వెక్కిరింత మన గుమ్మంలోకే వస్తే? ఇందులో డాక్టర్ హిబ్బర్ట్ నవ్వకూడని చోటల్లా నవ్వుతాడు. ఒకనాడు పన్నెండేళ్ళ మా అమ్మాయి, “నాన్నా, ఫోనులో పేషెంట్లతో నువ్వూ ఇలాగే నవ్వుతావు” అంది. ధైర్యం చెప్పడానికే నవ్వుతున్నామని ఇన్నాళ్ళూ అనుకున్నాం. కోపం వచ్చింది. ఆదివారం డ్యూటీలో ఒక రోగి ఛాతీ నొప్పి గురించి చెబుతుంటే మా పెదవుల మీదికి అదే నవ్వు వచ్చింది. ఆపుకొని, చివరిదాకా విన్నాం.

పెద్దలను గౌరవించమని పిల్లలకు తప్పక చెబుదాం. మనల్ని చూసి వాళ్ళు నవ్విన నవ్వుకు మాత్రం కత్తెర వేయకుందాం.