‘కొంచెం నలతగా ఉంది’ అన్నాను

మొన్న సెలవుకి వచ్చిన మా మేనల్లుణ్ణి కొట్టుకి పంపుతూ, "రెండు పెరుగు ప్యాకెట్లు, పావుకిలో పచ్చిమిర్చి" అన్నాను. గుమ్మంలో నిలబడి అంతా మళ్ళీ అప్పజెప్పాడు. "చిన్నపిల్లాడిలా ఇదేమిట్రా?" అంటే, "అలవాటత్తా!" అని నవ్వాడు. వాడు ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్ లెండి. ఎంత ఎత్తులో ఎగరాలో, ఏ రన్‌వే మీద దిగాలో వీళ్ళు రేడియోలో చెబితే పైలట్ తిరిగి అప్పజెప్పాలి. తప్పుంటే వీళ్ళు దిద్దాలి. 1977లో టెనెరిఫే దీవిలో, పొగమంచులో, రన్‌వే మీదే రెండు జంబో జెట్లు ఢీకొని 583 మంది పోయారు. మాటలు సరిగ్గా అందకపోవడం దానికో ముఖ్య కారణం. ‘టేకాఫ్’ అనే మాటని ఎప్పుడు పడితే అప్పుడు వాడకూడదని ఆ తర్వాతే కట్టడి చేశారట.

కానీ నన్ను నిద్రపోనివ్వనిది వాడు చెప్పిన ఇంకో సంగతి. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వెళ్తున్న ఏవియాంకా విమానాన్ని, వాతావరణం బాగోలేదని మూడుసార్లు గాల్లోనే చక్కర్లు కొట్టించారు, మొత్తం గంటా పదిహేడు నిమిషాలు. ఇంధనం అడుగంటుతోంది. రేడియోలో మాట్లాడే కోపైలట్ ‘ప్రయారిటీ’ కావాలన్నాడు. మొదటిసారి దిగబోయి దిగలేకపోయారు. "ఎమర్జెన్సీ అని చెప్పు" అన్నాడు కెప్టెన్. కోపైలట్ మాత్రం, మళ్ళీ ప్రయత్నిస్తామంటూ, ఇంధనం అయిపోతోందని మాటలో మాటగా కలిపి ఊరుకున్నాడు. చెప్పావా అంటే, చెప్పానండీ అన్నాడు. ఇంకొంత దూరం తిప్పి తీసుకొస్తాను, మీ ఇంధనానికి ఫరవాలేదా అని కంట్రోలరే అడిగితే, ఫరవాలేదనుకుంటానని చెప్పి థాంక్స్ కూడా చెప్పాడట! కాసేపటికి ఇంజన్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి. 158 మందిలో 73 మంది చనిపోయారు. పడ్డాక మంటలు కూడా లేవలేదు. మండడానికి ఏముంది కనక?

‘ఎమర్జెన్సీ’ అనో ‘మేడే’ అనో ఒక్కమాట అనుంటే మిగతా విమానాల్ని పక్కకి తప్పించి వాళ్ళకి దారిచ్చేవారు.

అప్పుడు మా అత్తగారు కళ్ళముందు మెదిలారు. చాలా ఏళ్ళ కిందట, ఓ మధ్యాహ్నం, "గుండెల్లో పట్టేసినట్టుందమ్మా, నీ పనయ్యాక చూద్దాంలే" అన్నారావిడ. ఒళ్ళంతా చెమటలు. నేను మావారి ఆఫీసుకి ఫోన్ చేశాను. పక్కన ఎవరున్నారో, విసుక్కుంటారేమో! "అత్తయ్యగారికి కొంచెం నలతగా ఉంది, వీలైతే త్వరగా రండి" అన్నాను. ఆయన "అలాగే" అన్నారు. నేనూ ఫోన్ పెట్టేసి, అన్నం వార్చుకున్నాను.

ఎప్పట్లాగే ఆరింటికి వచ్చారు. అత్తగారు దక్కారు గానీ, ఆ తర్వాత మేడ మెట్లెక్కలేదు. "అంత సీరియస్సని చెప్పలేదేం?" అని ఆయన అంటే, "చెప్పానుగా!" అని నేను ఏడ్చాను. నిజంగానే చెప్పాననుకున్నాను మరి.